గరుడ వారి ఏకైక ఆటగాడు

జగ్గయ్యపేట జగన్నాథరావు గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ప్లాస్టిక్ వస్తువు ఏదైనా సరే, దాని మీద గరుడ బొమ్మ ఉంటేనే ముట్టుకుంటారు. ఆ గరుడ ప్లాస్టిక్స్ ఏ విదేశీ కంపెనీయో అనుకునేరు. నందిగామలో ఒక రేకుల షెడ్డు. అందులో బకెట్లు, మగ్గులు, డ్రమ్ముల మూతలు చేస్తారు. ఈయన ఆ షెడ్డుకి యజమాని కాదు, భాగస్తుడూ కాదు, బంధువసలే కాదు. మరి ఏమవుతారండీ అని అడిగితే ఛాతీ విరుచుకుని చెబుతారు.

"నేను వాళ్ళ కాంట్రాక్టు ప్లేయర్నయ్యా!"

ప్లేయరంటే డిస్క్ గోల్ఫుకి. ఆ ఆట పేరు విననివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, జగ్గయ్యపేటలో ఆడేవాళ్ళే పట్టుమని పదిమంది లేరు. పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కుని విసురుకుంటూ పోయి, దూరాన గుంజకి తగిలించిన గొలుసుల బుట్టలో పడెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాళ్ళు గెలిచినట్టు. మనవాళ్ళు పాత ట్రాక్టరు గొలుసులతో బుట్టలు వెల్డింగు చేయించి, సున్నపురాయి క్వారీ పక్క ఖాళీ జాగాలో పాతుకున్నారు. డిస్కులు మాత్రం అందరూ విదేశాలవే తెప్పించుకుంటారు, ఒక్క జగన్నాథరావు గారు తప్ప.

గరుడ డిస్కు ఎర్రగా, దిట్టంగా, బకెట్ మూతకి సొంత తమ్ముడిలా ఉంటుంది. విసిరితే కాసేపు కుడికి చూస్తుంది, కాసేపు ఎడమకి చూస్తుంది. తెలిసినవాళ్ళెవరూ కనపడలేదన్నట్టు ఊగి ఊగి ఎక్కడో కూలబడుతుంది. అది కూలబడిన ప్రతిసారీ ఆయన ఒకటే మాటంటారు. "గాలయ్యా! డిస్కులో లోపమేముంది?"

ఇంతకీ ఆ కాంట్రాక్టు ఏమిటంటే నెలకి రెండు డిస్కులు, ఏడాదికో టీషర్టు, ఉగాదికి ఒక మగ్గు. టీషర్టు మీద ముందువైపు "గరుడ ప్లాస్టిక్స్, నందిగామ. బకెట్లు, మగ్గులు, మూతలు, డిస్కులు" అని ఉంటుంది. కాగితాలూ సంతకాలూ ఏమీ లేవు, అంతా నోటిమాటే. దానికి బదులుగా ఆయన వేరే కంపెనీ డిస్కు విసరకూడదు. బకెట్ల సంగతి ఎవరూ అడగలేదు. ఆ షరతు ఆయన సొంతంగా కలుపుకున్నారు.

ఒకసారి జి.కొండూరులో బావమరిది కూతురి పెళ్ళికి వెళ్ళారు. పందిట్లో బాజాలు మోగుతున్నాయి, ఈయన తువ్వాలు భుజాన వేసుకుని స్నానాలగది ముందు నిలబడి ఉన్నారు. లోపలేమో నీలం బకెట్టు, వేరే కంపెనీది.

"బావా, ముహూర్తం దాటిపోతోంది! నాలుగు మగ్గులు పోసుకుని రావయ్యా!" అని బావమరిది మొత్తుకున్నాడు.

"కాంట్రాక్టు ఒప్పుకోదు బావా."

చివరికి వంటవాళ్ళు సాంబారు గుండిగ ఒకటి ఖాళీ చేసి, కడిగి, నీళ్ళు నింపి ఇస్తే అప్పుడు స్నానం చేశారు. తలంబ్రాల వేళ ఆయన పక్కన కూర్చున్నవాళ్ళందరికీ ఇంగువ వాసన కొట్టింది.

ఇంకో నియమం కూడా ఉంది. ఆటకి బయలుదేరే ముందు, కొత్త మోటారుసైకిలుకి పెట్టినట్టు, ప్రతి డిస్కుకీ చల్లగా గంధం అద్ది, దానిమీద కుంకుమ బొట్టు పెడతారు. అది ఎండేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు.

ఇలాంటి మనిషికి జోడీగా ఆడేది ఎరువుల కొట్టు సతీష్‌బాబు. సతీష్‌బాబుది పుట్టుకంగారు. ఫోను మోగితే ఎవరికేమైందోనని కంగారు, మోగకపోతే ఏదో అయ్యింది, తనకి చెప్పట్లేదని కంగారు. అతనికి చిన్నప్పట్నుంచీ ఒకే కోరిక. వీపు మీద తన పేరున్న ఆటగాడి చొక్కా వేసుకోవాలి. బళ్ళో కబడ్డీ జట్టులో ఎప్పుడూ ఎక్స్‌ట్రాయే, ఎక్స్‌ట్రాలకి చొక్కాలివ్వరు. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఆ బాధ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

అలాంటిది, మొన్న నందిగామలో జోడీల పోటీ పెట్టినప్పుడు స్కైరోవర్ అనే విదేశీ డిస్కుల కంపెనీ తరఫున కల్యాణ్ అనే ఏజెంటు వస్తున్నాడని తెలిసింది. గెలిచిన జోడీని కంపెనీయే స్పాన్సర్ చేస్తుందట. డిస్కులు వాళ్ళవే, ఊళ్ళు తిరగడానికి టికెట్లు వాళ్ళవే, వీపు మీద పేరు వేసి చొక్కాలూ ఇస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి సతీష్‌బాబుకి అన్నం సయించలేదు. ఎందుకంటే ఈ జోడీ ఆటలో ఒక విసురు ఒకరిది, తర్వాతి విసురు రెండోవారిది. తను ఎంత బాగా విసిరినా, వెంటనే గరుడ ఊగుతూ బయలుదేరుతుంది.

"ఆయన మణికట్టులో మహిమ ఉందే. డిస్కే దరిద్రం" అన్నాడు పెళ్ళాంతో.

"అయితే డిస్కు మార్చమని అడగండి" అంది సింధూర.

"అడిగా. కాంట్రాక్టు ఒప్పుకోదంట."

"మరి అడక్కుండా మార్చండి" అని ఆవిడ కూరలు తరుక్కుంటూ తేలిగ్గా అనేసింది. సతీష్‌బాబుకి గుండె గుభేలుమంది. గుభేలుమన్న గుండెతోనే ఎర్రటి స్కైరోవర్ డిస్కు ఒకటి తీశాడు. జగన్నాథరావు గారు తమకి ఉగాదికి కానుకిచ్చిన మగ్గు మీది గరుడ స్టిక్కరు వేణ్ణీళ్ళలో నానబెట్టి ఊడదీశాడు. తీసుకొచ్చి డిస్కుకి అంటించాడు.

పోటీ రోజు పొద్దున్నే ఇద్దరూ సతీష్‌బాబు కారులో బయలుదేరారు. చిల్లకల్లు దగ్గర టీకి ఆగారు. అక్కడ కుర్చీ ప్లాస్టిక్‌ది, కప్పు ప్లాస్టిక్‌ది. జగన్నాథరావు గారు నిలబడే ఉండి, స్టీలు గ్లాసు కోసం టీకొట్టువాడితో చర్చ మొదలుపెట్టారు. ఆ సందులో సతీష్‌బాబు ఆయన సంచి తెరిచాడు. డిస్కులన్నీ బొట్లతో కళకళలాడుతున్నాయి. తనదానికి బొట్టు లేదే! ముచ్చెమటలు పోశాయి. కారులో వినాయకుడి దగ్గరున్న కుంకుమ పొట్లం విప్పి గబగబా ఒక బొట్టు పెట్టి, ఆ డిస్కుని అన్నిటికంటే పైన పెట్టేశాడు. సంచీ మూసేసరికి ఆయన రానే వచ్చారు.

"ఏంటయ్యా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదండీ, ఎండ!"

"ఏడింటికే ఎండేంటయ్యా?" అంటూ ఆయన కారెక్కారు.

నందిగామలో పోటీ పెట్టింది ఒక పత్తి మిల్లు ఆవరణలో. తొమ్మిది బుట్టలు. మొదటి ఐదూ గోడౌన్ల వెనక, మిగతా నాలుగూ ముందువైపు మైదానంలో, షామియానా ఎదురుగా. గోడౌన్ల వెనక జగన్నాథరావు గారు సంచీలోంచి పై డిస్కు తీశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. బొట్టు వంక చూశారు, సతీష్‌బాబు వంక చూశారు. సతీష్‌బాబు ఆకాశం వంక చూశాడు.

"ఇవాళ గాలి బాగుందయ్యా" అని ఆయన విసిరారు.

అబ్బ, ఏం పోయింది! ఊగలేదు, తూగలేదు, తిన్నగా పోయి బుట్ట మొదట్లో బుద్ధిగా కూర్చుంది. సతీష్‌బాబుకి ఆనందంతో కాళ్ళు వణికాయి. వెంటనే దొరికిపోతానేమోనని భయంతోనూ వణికాయి.

"కంపెనీ బాగా మెరుగుపడిందయ్యా!" అన్నారు జగన్నాథరావు గారు.

ఐదో బుట్ట అయ్యేసరికి అందరికంటే మూడు విసుర్లు ముందున్నారు. సతీష్‌బాబుకి వీపు మీద తన పేరు అప్పుడే చురుక్కుమంటోంది. గోడౌన్లు దాటి ముందువైపుకి వచ్చారు. షామియానా కింద కల్యాణ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ వీళ్ళనే చూస్తున్నాడు. అతని పక్కనే మజ్జిగ క్యాను పట్టుకుని ఒకావిడ వచ్చి నిలబడింది. మీరాబీ. గరుడ ప్లాస్టిక్స్ ఆవిడదే.

జగన్నాథరావు గారు ఆవిణ్ణి చూశారు. చెయ్యి సంచీలోకి పోయింది. పైనున్న డిస్కు అడుక్కి వెళ్ళింది, అడుగునున్నది పైకి వచ్చింది.

"అయ్యో, అదే బాగుంది కదండీ! దాన్నే విసరండి!" అన్నాడు సతీష్‌బాబు.

"పొద్దున్నించీ అదొక్కటే కష్టపడుతోందయ్యా. కాస్త రెస్టివ్వాలి."

"డిస్కుకి రెస్టేంటండీ బాబూ!"

అసలు గరుడ గాల్లోకి లేచింది. కుడికి చూసింది, ఎడమకి చూసింది, గట్టు మీద తుమ్మచెట్టుకి కొట్టుకుని కింద పడింది. "మనదే! మనదే!" అని మీరాబీ చప్పట్లు కొట్టింది. ఎనిమిదో బుట్టకల్లా మూడు విసుర్ల ఆధిక్యమూ ఆవిరైపోయింది.

"ఎందుకండీ నా ప్రాణం తీస్తారు?" సతీష్‌బాబు ఉండబట్టలేక అడిగేశాడు. "అది తిన్నగా పోదని మీకు మాత్రం తెలీదా?"

జగన్నాథరావు గారు షామియానా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు. "తెలుసయ్యా. బకెట్ల అమ్మకాలు లేక ఆవిడ దిగులుగా ఉన్న రోజుల్లో, ఆ షెడ్డులో ఒక డ్రమ్ము మూత చేత్తో తిప్పి, ఇది భలే ఎగురుద్దమ్మా అన్నా. ఊరికే, నవ్విద్దామని అన్నా. ఆ మాట పట్టుకుని ఆవిడ డిస్కులు పోసే అచ్చు చేయించేసింది. నా మాటకి అచ్చు చేయించినావిడ ముందు వేరేది ఎట్టా విసిరేది?"

సతీష్‌బాబు మజ్జిగ కోసం షామియానాలోకి వచ్చాడు. మీరాబీ గ్లాసు అందిస్తూ ఇటూ అటూ చూసింది.

"తమ్ముడూ, నీకొక మాట చెప్తా, అన్నయ్యకి చెప్పమాక. ఈ డిస్కులు ఆపేద్దామని ఎప్పట్నుంచో అనుకుంటన్నా. వీటికోసం నెలకొక పూట బకెట్ల మిషను ఆపాల. కొనేవాడు ఒక్కడూ లేడు. కానీ ఆపితే అన్నయ్య ఎంత చిన్నబుచ్చుకుంటాడో! ఆయనకి ఇదేగా సంబరం."

మజ్జిగ సతీష్‌బాబు గొంతుకి అడ్డం పడింది. ఒక్క మాట చెబితే ఇద్దరూ ఒడ్డున పడతారు. ఆయన మంచి డిస్కు విసురుకుంటాడు, ఆవిడ బకెట్లు చేసుకుంటుంది, తనకి చొక్కా వస్తుంది. నోరు తెరిచాడు. అంతలో ఆవిడ క్యాను కింద పెట్టి, మడమలు ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని మైదానంలోకి చూసింది. అక్కడ జగన్నాథరావు గారు ఆవిడకి కనపడేలా ఎర్ర డిస్కుని తల మీదికెత్తి ఊపుతున్నారు. సతీష్‌బాబు నోరు మూసుకున్నాడు.

ఆఖరి బుట్ట. ప్రత్యర్థులతో సరిసమానం. ఈ విసురు పడితే గెలుపు, పడకపోతే ఓటమి. విసరాల్సింది జగన్నాథరావు గారు. సతీష్‌బాబు కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. గరుడ బయలుదేరింది. ఊగింది, గొలుసుల దాకా వచ్చింది, అంచుకి టంగుమని తగిలి, దొర్లుకుంటూ పోయి కల్యాణ్ కుర్చీ కింద పడుకుంది.

కల్యాణ్ ఆ డిస్కుని బూటు కొనతో పక్కకి నెట్టి సతీష్‌బాబుని పిలిచాడు. "మీ ఆట నాకు నచ్చిందండి. జోడీ సంగతి వదిలేద్దాం. ఆ బకెట్ మూత పెద్దాయన్ని పక్కన పెట్టి మీరొక్కరే రండి. వీపు మీద మీ పేరుతో రేపే చొక్కా చేయిస్తా."

సతీష్‌బాబుకి చెవులు గింగురుమన్నాయి. ఇన్నేళ్ళ కోరిక! ఎదురుగా మీరాబీ ఆ డిస్కుని తీసి, పైటకొంగుతో దుమ్ము తుడిచి జగన్నాథరావు గారికి ఇస్తోంది.

"గాలి అన్నయ్యా. లేకపోతే పడేదే."

"గాలేనమ్మా. డిస్కులో లోపమేముంది?"

ఇద్దరి మొహాల్లో ఎంత సంతోషం! పచ్చి అబద్ధాలాడుకుంటూ ఇంత సంతోషంగా ఉన్నవాళ్ళని సతీష్‌బాబు ఎన్నడూ చూడలేదు. వాళ్ళని చూస్తుంటే అతనికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వీళ్ళని వదిలి ఆ చొక్కా వేసుకుంటే అది ఒంటి మీద నిలవదనిపించింది.

"కుదరదండి. నేను ఆల్రెడీ కాంట్రాక్టు ప్లేయర్ని" అన్నాడు.

"ఏ కంపెనీకి?"

"గరుడ."

"మారిపోవచ్చు కదండీ!"

"కాంట్రాక్టు ఒప్పుకోదండి."

అనేశాక కంగారు మళ్ళీ తన్నుకొచ్చింది. సింధూరకి ఏం చెప్పాలి? అసలు మీరాబీ ఒప్పుకోకపోతే? పరుగున వెళ్ళి అడిగాడు. ఇంకో ఆటగాడంటే మిషను ఇంకో పూట ఆపాలి. మీరాబీ గుడ్లు తేలేసింది. కానీ జగన్నాథరావు గారు అప్పటికే "చూసావా అమ్మా, మన కంపెనీకి గిరాకీ!" అని గంతులేస్తుంటే ఆవిడ ఏం చెయ్యగలదు? నవ్వేసి, స్కూటీ డిక్కీలోంచి బకెట్లూ మగ్గుల టీషర్టు ఒకటి తీసింది. డ్రమ్ముల మీద నంబర్లు వేసే మార్కరుతో వెనకవైపు పెద్దక్షరాలతో "సతీష్‌బాబు" అని రాసిచ్చింది. అది అతనికి మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడే, షామియానాలోనే, చొక్కా మీద చొక్కాగా తొడిగేసుకున్నాడు.

తిరిగి కారెక్కబోతుంటే జగన్నాథరావు గారు ఆపారు. కారు బానెట్ మీద గంధం గిన్నె పెట్టి, మీరాబీ సతీష్‌బాబుకిచ్చిన కొత్త గరుడ డిస్కుకి గంధం అద్దారు, దానిమీద కుంకుమ పెట్టారు. తర్వాత సంచీ అడుగునుంచి పొద్దుటి డిస్కు తీసి అతని చేతిలో పెట్టారు.

"ఇదిగో, నీది నువ్వుంచుకో. ఇంకోసారి నా సంచీలో ఏదన్నా పెట్టాలనుకుంటే ముందు గంధం అద్దయ్యా. వట్టి కుంకుమ పెడితే ఇట్టే దొరికిపోతావు."

సతీష్‌బాబు ఆ డిస్కు మీది బొట్టుని వేలితో తడిమి చూశాడు. "అంటే... తెలిసే విసిరారా?"

"నీ ముచ్చట చూసి కాదనలేకపోయా. ఐదు బుట్టలు నీకోసం, నాలుగు ఆవిడకోసం."

"మరి కాంట్రాక్టు ఒప్పుకుందా అండీ?"

"గోడౌన్ల వెనక కాంట్రాక్టుకి ఏం కనపడుద్దయ్యా!" అని, వేలికి మిగిలిన గంధం సతీష్‌బాబు నుదుట పెట్టి ఆయన కారెక్కారు.