మా పొయ్యికి ఊపిరాడని సాయంత్రం

సొంత ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకి పిలిచి, వచ్చినవాళ్ళందరినీ ఎండుచేపల్లా పొగబెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేదా? అయితే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఘనకార్యం నాదే. పైగా అదేదో పొరపాటున జరిగిపోయింది కూడా కాదు. వీడియోలు చూసి, టేపుతో కొలతలు తీసుకుని, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, ఎంతో శ్రద్ధగా చేశాను.

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మేం ఇల్లు కొన్న కొత్తలు. ఏళ్ళ తరబడి అపార్ట్‌మెంట్లలో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడల్లా మా ఆవిడ కరుణ "కింద వాళ్ళు కంప్లైంట్ చేస్తారు, కాస్త మెల్లగా పాడండి" అని అందరినీ బతిమాలుకునేది. ఇన్నాళ్ళకి సొంత ఇల్లు, సొంత గోడలు. చర్చి మొత్తాన్నీ పిలిచింది. ఆ ఒక్క సాయంత్రం ఏ లోటూ లేకుండా జరగాలని ఆమె పడ్డ ఆరాటం అంతా ఇంతా కాదు.

నా ఆరాటం వేరు. హాల్లో పాత ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది. దాని నోట్లో కట్టెల ఇన్సర్ట్ ఒకటి పెట్టించాను. అంటే ముందు గాజు తలుపు, పైన చిమ్నీలోకి పోయే గొట్టం ఉన్న ఇనప పొయ్యి అన్నమాట. కాకినాడలో పుట్టినవాడికి చలికాలమంటే ఫ్యాన్‌ని మూడులోంచి రెండుకి తగ్గించే కాలం. అలాంటివాడికి మంచు కురిసే ఊళ్ళో సొంత నిప్పు దొరికితే ఆగుతాడా? ఆదివారం చర్చిలో కనిపించినవాళ్ళందరికీ "మా ఇంట్లో స్వెటర్లు కూడా అక్కర్లేదండీ" అని చెప్పేశాను.

పొయ్యి పెట్టినాయన వెళ్తూ వెళ్తూ వెనక గోడలో ఒక కన్నం చూపించి ఏదో చెప్పాడు. "యా యా, ష్యూర్" అన్నాను. ఈ దేశంలో నాకర్థం కాని ప్రతి మాటకీ నా దగ్గరున్న జవాబు అదే.

ఇన్సర్ట్ చుట్టూ, చిమ్నీ మెడ దగ్గరా రాక్‌వూల్ కూరితే వేడి పైకి పారిపోకుండా హాల్లోనే ఉంటుందని వీడియోలో చూశాను. నిప్పంటుకోని దూది లాంటిది అది. కూరాను. బ్రహ్మాండంగా కుదిరింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఒక పెద్ద ముక్క మిగిలిపోయింది. పెరుగు అయిపోయిన డబ్బాలో సాంబారు దాచుకునే ఇల్లు మాది, మిగిలినదాన్ని పారేస్తామా? దాన్ని చంకలో పెట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాను. పెరటివైపు గోడలో ఆ కన్నం కనిపించింది. చెయ్యి పెడితే చలిగాలి జివ్వున లోపలికి పోతోంది.

"దొరికావురా దొంగా!" అని, ఉన్న ముక్కంతా అందులో కుక్కేశాను. ఆ ఊపులో కిటికీలకి టేపు వేశాను, తలుపుల కింద పట్టీలు బిగించాను. ఇల్లు మూతపెట్టిన టిఫిన్ క్యారియర్‌లా తయారైంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం. అందరూ వచ్చారు, వందనాలయ్యాయి, పొయ్యిలో మంట ముద్దొస్తోంది. మా చర్చి పెద్ద ప్రకాశం అంకుల్ పొయ్యి ముందు చేతులు చాచి, "బాబూ, నువ్వు సామాన్యుడివి కాదయ్యా!" అన్నారు. నేను గాల్లో తేలాను.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కరుణ పోపుకి సిద్ధమైంది. అమెరికాలో పోపు పెట్టడమంటే మాటలు కాదు. ముందు కోట్లన్నీ పైగదిలో పెట్టి తలుపు వెయ్యాలి. తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యాలి. లేకపోతే సోమవారం ఆఫీసుకి మనకంటే ముందు మన వెల్లుల్లి చేరుకుంటుంది. ఏరి కోరి కరుణ పెట్టించుకున్న ఎగ్జాస్ట్ ఎలాంటిదంటే, హైలో పెడితే మూకుడు పక్కనున్న కరివేపాకు లేచి నిలబడుతుంది.

పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అటు వంటింట్లో ఎగ్జాస్ట్ గుయ్యిమంది, ఇటు మంట డల్ అయింది. సరిచేద్దామని గాజు తలుపు తెరిచాను. చిమ్నీలోకి పోవలసిన పొగంతా గిర్రున తిరిగి నా మొహం మీదికొచ్చింది.

"ఏమండీ, పొగ వాసనొస్తోంది!" వంటింట్లోంచి కరుణ.

"ఏం లేదు, కట్టె తడిగా ఉంది! నువ్వు ఎగ్జాస్ట్ ఇంకా పెంచు!"

పెంచింది. పొగ రెట్టింపైంది.

"అమ్మా, ఆ ఎగ్జాస్ట్ ఆన్ చేశావా?" ప్రకాశం అంకుల్ దగ్గుతూ అడిగారు.

"ఫుల్‌లో ఉందంకుల్!"

"అయితే బాత్రూముల్లోవి కూడా వెయ్యండమ్మా!"

వేశారు. ఇక చూడండి నా సామిరంగా! స్మోక్ అలారం కుయ్యోమంటోంది, పాస్టర్ గారు దానికంటే పైస్థాయిలో ప్రార్థిస్తున్నారు, పాట ఎత్తుకున్నవాళ్ళు పల్లవి దగ్గరే దగ్గులోకి దిగిపోయారు.

అంతలో ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చే మా ఫ్రెండ్ సుధాకర్ వీధి తలుపు తెరిచాడు. భగ్గుమని మంట లేచింది! పొగంతా బుద్ధిగా చిమ్నీలోకి పోయింది.

"తలుపు వెయ్యరా, చలి!" అని అరిచాను. వేశాడు. పొగ మళ్ళీ హాల్లోకొచ్చింది.

"షూస్ బయట విప్పడం మర్చిపోయా" అంటూ సుధాకర్ మళ్ళీ తలుపు తీశాడు. మళ్ళీ మంట!

ప్రకాశం అంకుల్ కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బాయి పాదం చాలా మంచిదయ్యా. లోపలికి రానివ్వకండి, గుమ్మంలోనే తిప్పండి" అన్నారు. పాపం, సుధాకర్ నిజంగానే తిరిగాడు.

అప్పుడొచ్చింది కరుణ, చేతిలో అట్లకాడతో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకో, ఏడుపుకో తెలియలేదు. అన్నాళ్ళు ఎదురుచూసిన సాయంత్రం అలా దగ్గులపాలైపోతుంటే ఆమె మొహం చూడలేకపోయాను. ఉన్నపళంగా ఆ చిమ్నీలోకే దూరిపోదామనిపించింది.

"ఎగ్జాస్ట్ గాలిని బయటికి తోస్తోంది కదా. మరి ఇంట్లోకి గాలి ఎక్కణ్ణించి వస్తోంది?" అంది.

"ఎక్కణ్ణించీ రాదు, అంత టైట్‌గా మూసేశా!" అన్నాను గర్వంగా.

"మరి పొయ్యికి?"

"దానికి వెనక గోడలో..." అని ఆగిపోయాను. పొయ్యికి గాలి అందించే గొట్టం మూతి నేనే కుట్టేశాను. గాలి దొరక్క ఇల్లంతా కలిసి చిమ్నీలోంచి కిందికి పీల్చుకుంటోంది, దాంతోపాటు పొగనీ.

"వెనక గోడలో ఏముంది?"

"ఎగ్జాస్ట్‌లన్నీ కట్టేసి కిటికీలు తెరవండి!" అని అరుస్తూ, సాక్సులతోనే మంచులోకి పరుగెత్తాను. కన్నంలో భుజం దాకా చెయ్యి దూర్చి లాగాను. ముక్క బయటికొచ్చింది. లోపల మంట భగ్గుమన్న వెలుగు కిటికీలోంచి మంచు మీద పడింది. హాల్లోంచి "హల్లెలూయా!" అని ఎంత గట్టిగా వినిపించిందంటే, పక్కింటాయన లైటు వేసుకుని బయటికొచ్చాడు.

తడిసిన సాక్సులతో, చంకలో మసిపట్టిన రాక్‌వూల్‌తో లోపలికొచ్చాను. అందరూ కిటికీలు బార్లా తెరుచుకుని, కోట్లు, టోపీలు వేసుకుని కూర్చున్నారు. పొగ పోయింది. పాటలు పాడారు, బొంగురు గొంతులతోనే, ఇల్లు ఎగిరిపోయేలా. కరుణ అందరికంటే గట్టిగా పాడింది. నా ప్రాణం కుదుటపడింది.

చివర్లో పాస్టర్ గారు, "దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"మా ఆయన ఉన్నారండీ అయ్యగారూ" అంది కరుణ.

లేచి నిలబడ్డాను. సర్వ సంఘం ఎదుట, కుడిచెయ్యి పైకెత్తి, గంభీరంగా ప్రమాణం చేశాను: "ఇకమీదట ఈ ఇంట్లో, ఏ కన్నం ఎందుకుందో మా ఆవిణ్ణి అడక్కుండా, దూది గానీ, గుడ్డ గానీ, చివరికి నా వేలు గానీ అందులో పెట్టనని మనస్ఫూర్తిగా..."

మాట పూర్తికాకముందే అందరూ ఒక్క గొంతుతో "ఆమెన్!" అన్నారు.