ఆదివారం గ్రూపు

కర్నూలుకు వచ్చేటప్పటికి నాకు నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. కడపలో చెల్లెలి చదువు, దాని పెళ్ళి, తర్వాత అమ్మ జబ్బు. ఇలా ఒకదాని వెనక ఒకటి చూసుకుంటూ ఉండగానే ఆ వయసు వెళ్ళిపోయింది. అమ్మ పోయాక కర్నూలులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ ఉద్యోగం వస్తే సామాను సర్దుకుని బస్సెక్కాను. ఏడుస్తూ ఎక్కలేదు. కొత్త ఊళ్ళో నా ఇష్టం వచ్చినట్టు బతకవచ్చని సంబరంగానే ఎక్కాను.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. కాలేజీలో మిగతా ట్యూటర్లంతా నాకంటే బాగా చిన్నవాళ్ళు. గంట కొట్టగానే స్కూటర్లు తీసుకుని పిల్లల స్కూళ్ళకు పరుగెత్తేవాళ్ళు. నేను మేడమీద నా అద్దె గదికి చేరి, పగలంతా ఎండకు కాగిన స్లాబు కింద ఫ్యాను వేసుకుని పడుకునేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. పెద్ద చర్చి, పాత చర్చి. ఆరాధన అయ్యాక ‘వందనాలు సిస్టర్’ అని చేతులు కలిపి, ఎవరి కుటుంబంతో వాళ్ళు ఆటోలెక్కి పోయేవాళ్ళు. అప్పటి నుంచి సోమవారం పొద్దున కాలేజీ వాచ్‌మన్ ‘నమస్తే మేడమ్’ అనేదాకా నేను ఎవరితోనూ నోరు విప్పే అవసరం ఉండేది కాదు. ఒక సోమవారం క్లాసులో పాఠం మొదలుపెట్టబోతే గొంతు పెగల్లేదు. పిల్లలు జలుబు చేసిందనుకున్నారు.

ఆ సాయంత్రమే ఫోనులో వెతికాను. మనుషుల్ని కలిపే యాప్ ఒకటి ఉందని ఎక్కడో చదివాను. హైదరాబాదు, బెంగళూరుల్లో అయితే కొండలెక్కేవాళ్ళకు ఒక గ్రూపు, పుస్తకాలు చదివేవాళ్ళకు ఒకటి, కుక్కల్ని పెంచుకునేవాళ్ళకు ఒకటి ఉన్నాయి. కర్నూలుకు ఒక్కటంటే ఒక్కటే దొరికింది. ఆదివారం ఆదివారం కలుస్తారట. కలిసి నడవడం, కబుర్లు చెప్పుకోవడం, అప్పుడప్పుడూ దగ్గరి ఊళ్ళు చూసి రావడం. కింద ఒక నియమం రాసి ఉంది: ‘ఇక్కడ కులం, మతం, రాజకీయాలు మాట్లాడరాదు. స్నేహం ఒక్కటే.’ ఆ ముక్క చదివి నాకు కళ్ళు చెమర్చాయి. వెంటనే చేరాను.

మొదటిసారి కొండారెడ్డి బురుజు దగ్గర కలుద్దామన్నారు. నేను ముందే వెళ్ళి నీడలో నిలబడ్డాను. వస్తున్నామని యాప్‌లో నొక్కినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ వచ్చింది గుప్పెడు మంది. ఎవరు మా గ్రూపువాళ్ళో, ఎవరు మామూలుగా బురుజు చూడటానికి వచ్చినవాళ్ళో తెలియక ఒకరి మొహాలు ఒకరం దొంగచూపులు చూసుకున్నాం. చివరికి తెల్లటి షూస్ వేసుకున్న పెద్దాయన ఒకరు చెయ్యెత్తి, “ఆదివారం గ్రూపోళ్ళు ఈడికి రాండప్పా!” అని కేకేశారు. అందరం నవ్వేశాం. గ్రూపు పెట్టింది ఆయనే. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అందరం ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్ళం.

ఆ రోజే నా పక్కకు వచ్చి నిలబడిన ఒకామె, “అక్కా, నువ్వు కూడా ఒక్కదానివే వచ్చినావా? నాకైతే కాళ్ళు వణుకుతాండాయి” అంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. ఇంట్లోనే చీరలు పెట్టుకుని ఫోనులో ఫోటోలు పంపి అమ్ముతుంది. అందుకే నాకు చీరల చెల్లెలైపోయింది. భర్త బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ చూసుకుంటూ వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. ఇంట్లో తనూ, అత్తగారూ. ఆ సాయంత్రం నన్ను తన స్కూటరు మీద గది దాకా దింపింది. దిగాక కూడా గేటు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. పైకెళ్ళి అన్నం వండుకుంటూ నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాతి కొన్ని నెలలు నేను ఆదివారాల కోసమే బతికానంటే అబద్ధం కాదు. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు వెళ్ళడానికి మినీ బస్సు మాట్లాడింది నేనే. అందరికీ చిత్రాన్నం, చెనిక్కాయల పొడి చేసుకుపోయిందీ నేనే. ఆ రాళ్ళ మధ్య నీడ వెతుక్కుని కూర్చుని అందరూ అడిగి అడిగి పెట్టించుకుని తిన్నారు. సారు రెండోసారి పెట్టించుకుంటూ, “ఏం చెయ్యి మేడమ్ మీది! మా ఇంట్లో ఇట్ల కుదరదు” అన్నారు. చీరల చెల్లెలు నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. ఎవరో పాట అందుకున్నారు. నా జీవితంలో అంత సుఖంగా ఉన్న మధ్యాహ్నాలు చాలా తక్కువ. అందుకే ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఎందుకంటే తిన్నాక, చేతులు కడుక్కుంటూ సారు అడిగారు.

“మీది కడప జిల్లాలో ఏ ఊరు మేడమ్?”

చెప్పాను.

“అరే, ఆ ఊర్లో మా చిన్నత్తోళ్ళు ఉండారు. శానాసార్లు వచ్చినా నేను. ఊర్లో మీ ఇల్లు యాడ?”

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి విన్నదే. బడిలో, హాస్టల్లో, ఉద్యోగంలో, అద్దె ఇళ్ళ దగ్గర. ఊరి పేరు అడిగినవాడు ఇల్లు ఎక్కడని అడిగాడంటే దేనికోసం అడుగుతున్నాడో ఇద్దరికీ తెలుసు. అయినా ఆ రోజు కడుపు నిండా అన్నం, మనసు నిండా మనుషులు ఉన్నారు కదా, తడుముకోకుండా చెప్పాను.

“చర్చి కాడ సార్. మాలపల్లె.”

“ఓహో” అన్నారాయన. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. ఒక్కో వేలూ తుడుచుకున్నారు. “ఎండ ఎక్కువైతాంది, ఇంక పోదాం పదండి” అని లేచారు. గిన్నెలో ఇంకా చిత్రాన్నం మిగిలి ఉంది. ఇంటికి తీసుకుపోతామని అంతకు ముందు పోట్లాడుకున్నవాళ్ళెవరూ అడగలేదు. నేనే తెచ్చుకున్నాను.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. అనిపించిందేమో, అనిపించనివ్వలేదు.

తర్వాత చీరల చెల్లెలి అత్తగారికి కాలు మీద పుండు లేచింది. షుగర్ మనిషి. డాక్టరు ఇంజెక్షన్లు, డ్రెస్సింగు రాశాడు. రోజూ ఆస్పత్రికి తిప్పలేక చెల్లెలు నాకు ఫోన్ చేసి, “అక్కా, నువ్వు వస్తావా?” అంది. రాకేం! కాలేజీ నుంచి నేరుగా వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. పుండు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టి, సూది వేసి వచ్చేదాన్ని. ఆ ముసలామె నా చెయ్యి పట్టుకుని, “నీ చెయ్యి శానా సల్లంగుండాది అమ్మీ, నొప్పే తెలీదు” అనేది. పుండు మానేదాకా వెళ్ళాను. వరండాలో కుర్చీ వేసేవాళ్ళు. టీ కాగితం కప్పులో ఇచ్చేవాళ్ళు. పక్కింటామె వస్తే ఆమెకు స్టీలు గ్లాసులో ఇవ్వడం చూశాను. జబ్బు మనిషి ఉన్న ఇల్లు కదా, శుభ్రం కోసమేమో అనుకున్నాను. నేను నర్సింగ్ చెప్పే మనిషిని. శుభ్రం అంటే ఏమిటో నాకు తెలియదా? అయినా అలాగే అనుకున్నాను.

అంతలో గ్రూపు మందగించింది. ‘ఈ వారం ప్రోగ్రాం లేదు’ అని సారు మెసేజ్ పెట్టేవారు. పరీక్షలన్నారు, పెళ్ళిళ్ళన్నారు. నేను ‘పర్వాలేదు సార్, వచ్చే వారం కలుద్దాం’ అని రాసేదాన్ని. కింద ఎవరూ ఏమీ రాసేవాళ్ళు కాదు.

ఒక ఆదివారం గదిలో పడుకుని ఫోను చూస్తుంటే చీరల చెల్లెలి స్టేటస్ కనపడింది. శ్రీశైలం డ్యామ్ ముందు అందరూ వరసగా నిలబడి ఉన్నారు. సారు, సారు భార్య, చెల్లెలు, ఓర్వకల్లులో పాట పాడిన అబ్బాయి, అందరూ. అందరి నుదుటా విభూతి. కింద ‘మన ఆదివారం గ్యాంగ్’ అని రాసింది. నాకు కనపడకుండా పెట్టడం మర్చిపోయినట్టుంది. కాసేపటికి అది మాయమైంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలోనే నిలబడి అడిగాను.

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు గుడికి రావు కదక్కా. అందుకని అడగలేదు.”

“గుడికి రాను. డ్యామ్ కాడికి వస్తా గదా. బస్సులో కూచుంటా గదా.”

ఆమె తలుపు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడింది. లోపల అత్తగారు దగ్గింది.

“అక్కా, నాకేం లేదు. దేవుని మీద ఒట్టు, నాకేం లేదు. సారోళ్ళింట్లో శానా పట్టింపు. అందరూ కలిసి వండుకుంటారు, ఒకే సత్రంలో పండుకుంటారు... నీకు తెలుసు గదా ఎట్లుంటాదో. వేరే గ్రూపు పెట్టినారు. నన్ను కూడా వాళ్ళే కలిపినారు.”

“ఎప్పటి నుంచి?”

“ఓర్వకల్లు పోయొచ్చినాక.”

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. తర్వాత అడిగాను. “మరి మీ అత్తకు నేను పుండు కడిగినప్పుడు?”

“అది వైద్యం గదక్కా” అంది.

ఆమె ఆ మాట కించపరచాలని అనలేదు. చాలా మామూలుగా, నాకు అర్థం కాని చిన్న విషయమేదో విడమరిచి చెప్తున్నట్టు అంది. నేను మెట్లు దిగి వచ్చేశాను. అరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. యాప్‌లో పాత గ్రూపు ఇంకా ఉంది. కొత్తవాళ్ళు చేరుతున్నారు, కాబట్టి నెలకొకసారైనా బురుజు దగ్గర కలుస్తూనే ఉన్నారు. తర్వాతి మీటింగుకు వెళ్ళాను. నన్ను చూసి చెల్లెలు దూరంగా జరిగింది. సారు మాత్రం నవ్వుతూ, “రాండి మేడమ్, శానా రోజులైంది” అన్నారు. కొత్తగా వచ్చిన ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు చుట్టూ ఉన్నారు. వాళ్ళ ముందే అడిగాను.

“సార్, కులం మాట్లాడకూడదని మీరే రాసినారు. మరి నా కులం తెలిసినాక నన్ను వదిలేసి ఇంకో గ్రూపు ఎందుకు పెట్టినారు?”

ఆయన మొహంలో నవ్వు చెదరలేదు. “మేమెప్పుడన్నా మాట్లాడినామా తల్లీ ఆ మాట? ఎవరన్నా నిన్ను ఒక్క మాట అన్నారా? చెప్పు. ఈ పొద్దు ఆ మాట ఎత్తింది నువ్వే గదా.”

“ఇల్లు యాడ అని మీరు అడగలేదా?”

“ఊరు అడిగినా, ఇల్లు అడిగినా. మనిషిని కనుక్కునేది తప్పా?” అని కుర్రవాళ్ళ వైపు తిరిగి, “చూడండప్పా, ఇందుకే నియమం పెట్టింది. ఇట్లాంటివి ఎత్తితే స్నేహాలు చెడిపోతాయి” అన్నారు.

వాళ్ళు తలలూపారు. వాళ్ళకేం తెలుసు? చెల్లెలికి తెలుసు. ఆమె వైపు చూశాను. ఆమె స్కూటరు తాళాలు చేతిలో తిప్పుకుంటూ బురుజు వైపు చూస్తోంది. ఆటోలో గదికి చేరేలోపే ఫోను మోగింది. నియమాలు ఉల్లంఘించినందుకు నన్ను గ్రూపు నుంచి తొలగించారట.

చర్చిలో నాతో కాస్త మాట్లాడే పెద్దావిడ ఒకరు ఉండేవారు. ఆమెకు చెప్పుకున్నాను. “మనోళ్ళలో మనం ఉండక వాళ్ళతో నీకేం పని అమ్మా?” అన్నారు. ప్రార్థన చేస్తానన్నారు. నేను కర్నూలులో ఉన్నన్నాళ్ళలో ఆమె ఒక్కసారి కూడా నన్ను ఇంటికి భోజనానికి పిలవలేదు. మనోళ్ళు ఎవరు, ఎక్కడున్నారు అని అడగాలనిపించింది కానీ అడగలేదు. ఆమెకూ ఆటో వచ్చింది, వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎక్కువ కాలం కర్నూలులో ఉండలేదు. కడపలో ఒక ఆస్పత్రిలో పని దొరికితే వచ్చేశాను. నా సొంత చెల్లెలు ఈ ఊళ్ళోనే ఉంది, మంచిదే, కానీ దానికి దాని సంసారం. ఆదివారాలు ఇక్కడా వస్తాయి. నిరుడు మళ్ళీ ఫోనులో వెతికి, సాయంత్రం పార్కులో నడిచేవాళ్ళ గ్రూపులో చేరాను. సిగ్గు లేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ మనుషులు కావాలనుకోవడానికి నేనెందుకు సిగ్గుపడాలి?

మొదటి రోజు గుండ్రంగా కూర్చుని ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోవాలన్నారు. ఒకాయన సినిమాలంటే ఇష్టమన్నాడు, ఒకావిడ మొక్కలు పెంచుతానంది. నా వంతు రాగానే ఊరి పేరు చెప్పి, “మాది మాలపల్లె. చర్చి కాడ ఇల్లు. నర్సుగా చేస్తాండా” అన్నాను.

గ్రూపు నడిపే ఆయన ఇబ్బందిగా కదిలాడు. “ఇవన్నీ ఈడ ఎవరడిగినారు మేడమ్?”

“ఇప్పుడు అడగరు సార్. అన్నం తిన్నాక అడుగుతారు. నేను ముందే చెప్తాండా.”

మొక్కల ఆవిడ మంచినీళ్ళ సీసా మూత బిగించుకుంది. పక్కన కూర్చున్న ఒక ముస్లిం ఆమె మాత్రం నా వైపు తిరిగి, “మోకాళ్ళ నొప్పులకు నడిస్తే మంచిదేనా?” అని అడిగింది. మంచిదేనన్నాను. ఇద్దరం లేచి నడిచాం. ఆమె ఇప్పటికీ వస్తుంది. మోకాళ్ళ గురించి, కొడుకు గురించి మాట్లాడుతుంది. మా ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమేనా అంటే నేను చెప్పలేను. ఆ మాటను ఈ మధ్య అంత తొందరగా వాడటం లేదు.

మరుసటి వారం మొక్కల ఆవిడా, ఇంకో ఇద్దరూ రాలేదు. గ్రూపులో అడిగితే వాన వస్తుందేమోనని ఆగిపోయామని రాశారు. కడపలో ఆ నెలంతా ఒక్క చినుకు పడలేదు.