వడ్డీ వద్దన్న పెద్దమనిషి

నా చిన్నప్పుడు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఉన్న మా ఊళ్లో ఇండ్లన్నీ మట్టిమిద్దెలే. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆపైన నాపరాళ్లు, అన్నిటి మీద మందంగా మట్టి. వానలు మొదలయ్యే ముందు చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిస్తే నీళ్లు లోపలికి దిగేవి కావు. చౌడు వానను ఆపుతుంది గానీ చెదలును ఆపదు. ఒక ఎండాకాలం మా నడింట్లోని పెద్ద దూలం లోపల్లోపలే డొల్లయిపోయింది. సంగటి తింటుంటే పళ్లెంలో మన్ను రాలేది. మా నాయన కట్టెతో దూలాన్ని తట్టి చూసి, ఆ బోలు చప్పుడు విని, ఆ పూట తిండి సగంలోనే లేచిపోయాడు.

వానలు రాకముందే మిద్దె విప్పి కొత్త దూలం ఎక్కించాలి. నంద్యాల అడితిలో కట్టె బేరం చేస్తే, రొక్కం ఇస్తేనే బండికెత్తుతామన్నారు. ఎద్దులను అమ్మితే సేద్యం ఆగిపోతుంది. మా అమ్మ మెడలో తాళి తప్ప బంగారమని చెప్పుకోదగింది ఏమీ లేదు. వెలుగోడులో ఉన్న మేనత్తను అడుగుదామంటే, ఆ ఏడు వాళ్లకే పంట లేదు.

అట్లాంటి సమయంలో వచ్చాడు ఒక పెద్దమనిషి. మా ఊరివాడే. మా నాయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. అది ఊరి వరసే గానీ చుట్టరికం కాదు. వచ్చినప్పుడల్లా నాకు బొరుగుల ఉండ తెచ్చేవాడు కాబట్టి నా లెక్కలో ఆయన్ను మించిన మంచివాడు లేడు. ఎంత కావాలంటే అంత ఇస్తాను, పైసా వడ్డీ వద్దు, కాలువ కింద ఉన్న చేను భోగ్యానికి రాయండి చాలు అన్నాడు. భోగ్యమంటే అసలు తీర్చేదాకా చేను అప్పిచ్చినవాడి చేతిలో ఉంటుంది. దున్నేదీ వాడే, పంట ఇంటికి తోలుకునేదీ వాడే. ఆ పంట వడ్డీ కింద చెల్లు. వడ్డీ మాట వింటేనే గుండె జారే రైతుకు ఇది ఎంత తీయగా వినిపిస్తుందో వేరే చెప్పాలా? ఆ సాయంత్రం మా నాయన కూనిరాగం తీస్తూ ఎద్దులకు నీళ్లు పెట్టాడు.

మా జేజికి, అంటే మా నాయన తల్లికి, అది తీయగా లేదు. తిండి పెట్టే చేనే వాని చేతిలో పెట్టినాక అసలు తీర్చేది దేంతో అని అడిగింది. కూలికి పోయైనా తీరుస్తానన్నాడు నాయన. ఆమె ఇంకో మాట అంది.

"ఆయప్ప మనింట్లో అంతసేపు కూర్చున్యాడు గదా నాయనా. మిద్దెకు దుడ్లిచ్చే మనిషి ఒక్కసారన్నా తలకాయెత్తి దూలం తట్టు చూసినాడా?"

నాయన కసురుకున్నాడు. ముసలిదానికి లోకమంతా దొంగలేనన్నాడు. నాకూ జేజి మీద కోపం వచ్చింది. ఉండలు తెచ్చే మనిషిని అట్లా అంటే ఎందుకు రాదు?

మాట ఖాయం చేసుకోవడానికి ఆయన వచ్చిన రోజు జేజి ఎంతో మర్యాదగా అరుగు మీద చాప పరిచింది. మా అమ్మ చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన గుక్క తాగాడో లేదో, జేజి మొదలుపెట్టింది.

"వడ్డీ లేకుండా తీసుకుంటే మా ఇంటికి పరువు తక్కువప్పా. వడ్డీ రాసుకో. ఊర్లో అందరూ ఇచ్చేదానికంటే ఎక్కువే రాసుకో. చేను మాత్రం మాకే ఉండనీ."

ఆయన నవ్వాడు. "మనలో మనకు వడ్డీ ఏందక్కా."

సరే, ఎద్దులూ బండీ కుదువ పెట్టుకోమంది. ఎద్దులకు రోగమొస్తే ఎవరు పూచీ అన్నాడు. అయితే వడ్డీ రెండింతలు వేసుకోమంది. అంత పాపం నాకెందుకన్నాడు. ఆమె ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఆయన నవ్వు పొట్టిదైపోతూ వచ్చింది. చివరికి చెంబు కింద పెట్టేశాడు.

"చేను రాస్తే దుడ్లు. లేకుంటే లేదు. ఊరికే మాటలెందుకు."

"అట్ల చెప్పప్పా," అంది జేజి. "ఇప్పుడు మాట నేరుగా ఉండాది."

మా నాయన గోడకానుకొని నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో రంగు పోవడం నేను చూశాను. ఆ పెద్దమనిషి పొలం మా చేను వెనకే ఉంది. కాలువ నీళ్లు దానికి అందాలంటే మా గట్టు దాటి రావాలి. ఊరందరికీ తెలిసిన సంగతే. మిద్దె కూలుతుందన్న భయంలో మా నాయనకు ఒక్కడికే గుర్తు రాలేదు.

అప్పు తప్పిపోయిందని మా ఇంట్లో ఎవరూ పండగ చేసుకోలేదు. ఆయన పోయాక నాయన జేజి మీద విరుచుకుపడ్డాడు. మిద్దె మీద పడితే పిల్లలను నీ మాటలు కాపాడతాయా అని అరిచాడు. మర్నాడు నాయన ఎద్దుల మేతకని వామి వేసిన జొన్న సొప్పలో సగం అమ్మాడు. ఆ డబ్బుకు దూలం రాలేదు, ఒక గుంజ వచ్చింది. దాన్ని నడింట్లో డొల్ల దూలం కింద నిలబెట్టారు. పైన బరువు తగ్గడానికి ఊళ్లోవాళ్లు, తర్వాత వాళ్ల పనికి మేము పోయేట్టు, బదులు పనికి వచ్చి సగం మట్టి దించారు. ఇంటికొచ్చిన చుట్టాలు గుంజకు తల కొట్టుకుని, మీ ఇంట్లో పందిరి వేసినారా అని ఎగతాళి చేసేవాళ్లు. రెండు మూడు పంటలు పండి కొత్త దూలం ఎక్కేదాకా ఆ నవ్వులు పడ్డాం. ఆ లోపల మా పక్కింటి రైతు తన కూతురి పెండ్లికని అదే పెద్దమనిషికి చేను భోగ్యానికి రాశాడు. తర్వాత తన చేన్లోకే ఆ రైతు కూలికి పోవడం చూశాను.

నిరుడు ఆళ్లగడ్డలో మా ఇంటి స్లాబు కారుతుంటే, బాగు చేయించాలని మా మనవడు నంద్యాల నుంచి అప్పిచ్చే కంపెనీ పిల్లవాణ్ణి పిలుచుకొచ్చాడు. చక్కని మాట, తాతా తాతా అని పిలుపు. వడ్డీ బాగా తక్కువ, ఇంటి కాగితాలు మాత్రం ఊరికే తమ కంపెనీ దగ్గర ఉంటాయన్నాడు. కారుతున్న చోటికి తీసుకుపోతే అక్కడ నిలబడలేదు. వీధిలోకి వచ్చి ఇంటి ముందు రోడ్డు వెడల్పు అడిగాడు, సెల్లుతో నాలుగు పక్కలా ఫొటోలు తీశాడు. వడ్డీ ఇంకా ఎక్కువిస్తాం, కాగితాలు వదిలేయప్పా అన్నాను. సిస్టం ఒప్పుకోదు తాతా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కాలపు పెద్దమనిషి కనీసం తన నోటితో తాను చెప్పాడు. ఇప్పుడు ఆ మాట అనడానికి మనిషి కూడా ఎదురుగా ఉండడు.

అప్పు వద్దని పంపించేశాను. మనవడు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. అన్ని అప్పులూ మోసం కాదని నాకూ తెలుసు, వాడు చెప్పేదాంట్లో కొంత నిజం ఉండొచ్చు. అయినా మా జేజి నాకు పెట్టిపోయింది ఈ ఒక్క బుద్ధే. ఎవరైనా నాకు ఇస్తామని వస్తే వాళ్ల చేతిలో ఏముందో నేను చూడను. నా ఇంట్లో కూర్చుని వాళ్లు దేని వైపు చూస్తున్నారో చూస్తాను.