మేనత్త కరెంటు పొయ్యి

పోయిన వారం జనగామలో మోటార్లు చుట్టే భాయ్ దుకాణానికి నా పాత టాంగ్ టెస్టర్ పట్టుకుపోయాను. పట్టుకారులా నోరు తెరిచి తీగను కరిచి, అందులో ఎంత కరెంటు పారుతుందో చెప్పే పనిముట్టు అది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, దీని పని ఖతం. గీ ముసలిదానితోని ఇంకేం చేస్తరు? కొత్తది కొనుండ్రి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ ముసలిది ఒకనాడు చెప్పిన అంకె ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడి ఉందని ఆయనకు ఎట్లా చెప్పను?

అప్పట్లో నేను మహబూబాబాద్‌లో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. సెలవు దొరికితే చాలు, ఊళ్లు తిరుగుతూ దయ్యాలు లేవని ఉపన్యాసాలిచ్చేవాణ్ని. చేతిలో మైకు ఉంటే సగం దయ్యాలు నా గొంతుకే పారిపోతాయని గట్టి నమ్మకం. అదీ ఒక మూఢనమ్మకమేనని తెలుసుకోవడానికి, భూపాలపల్లి దారిలో రేగొండ దగ్గరున్న మా మేనత్త ఊరికి పోవలసి వచ్చింది. మామ పోయాక అత్త ఒంటరిగా ఉండేది. ఆమె బాణామతి, అంటే చేతబడి, చేస్తోందని ఊరు అనుకుంటోంది. పొద్దుగూకే వేళ ఆమె తలుపు వేసుకోగానే వాడకట్టులో బల్బులన్నీ ఎర్రబడతాయట, ఫ్యాన్లు నీరసపడతాయట. కాసేపటికి ఆమె తలుపు తీస్తే అన్నీ బాగవుతాయట. పైగా ఇది నెలనెలకూ ఎక్కువవుతోంది. ఎదురింటి పసిబిడ్డకు వచ్చిన జ్వరాన్ని కూడా ఆమె ఖాతాలోనే వేశారు. మర్నాడు పొద్దున మంత్రగాణ్ని పిలిపించి ఆమె పళ్లు పీకిస్తారని, అప్పుడు ఆ విద్య పోతుందని కబురు వచ్చింది. సంచిలో టెస్టర్ వేసుకుని పరుగెత్తాను.

అత్త వాకిట్లో నిలబడి, కూడిన ఊరివాళ్లతో గంటసేపు మాట్లాడాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అంతా విని ఎదురింటాయన నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా లోపలికి నెట్టి, "సారూ, సదువుకున్నోనివి. గామెతోనే గూసో. పొద్దుగూకంగ నువ్వే సూస్తవ్" అని బయట గొలుసు పెట్టేశాడు.

ఒకటే గది. పైన రేకులు, ఒక చిన్న కిటికీ, దాని ఊచల వెనక వంతులవారీగా మారే ముఖాలు. అత్త కిటికీకి గోనెసంచి కట్టేసరికి ఉన్న గాలి కూడా ఆగిపోయింది. పొద్దుగూకితే ఏం చేస్తున్నావని అడిగితే, "ఏం లేదు బిడ్డా" అని ధాన్యపు గుమ్మి వైపు చూసి చూపు తిప్పుకుంది. అట్లా గంటలు గడిచాయి. చీకటి పడుతుండగా ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. తన పళ్ల సంగతి కాదు, నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "నా ఇంటికొచ్చినోనికి బువ్వ పెట్టకుంట ఎట్లుంట?" అని గొణుక్కుంటూ గుమ్మి వెనక నుంచి కరెంటు పొయ్యి తీసింది. మట్టి పలక గాడుల్లో తీగ చుట్టలు కూర్చిన రకం. మోకాళ్లు అరిగి కట్టెలకు పోలేక సంతలో కొనుక్కున్నదట. మీటరుకు అందకుండా, ఎవరితోనో లైనుకు కొండీ వేయించుకుని దాని మీద వండుకుంటోంది. ఊరు ఎన్ని మాటలన్నా నోరు విప్పనిది అందుకే.

పొయ్యి ఎర్రబడింది. బయట కేకలు లేచాయి: "సూడుండ్రి, మొదలువెట్టింది!"

ఒక తీగకు టెస్టర్ కరిపించాను. పన్నెండు ఆంపియర్లు. దానికే ఉన్న సూదులు ఆనించి చూస్తే వోల్టేజీ నూట ఎనభై. రెంటినీ గుణిస్తే పవర్, రెండువేల నూట అరవై వాట్లు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, పదిహేను ఓములు. నల్లబల్ల మీద లెక్కలేనన్నిసార్లు చేయించిన లెక్కే. కానీ పొయ్యి అడుగున రెండువందల ముప్పై వోల్టులు, రెండువేల వాట్లు అని అచ్చు ఉంది. ఆ ప్రకారం తీగ నిరోధం ఇరవై ఆరు ఓములు ఉండాలి. మరి దాదాపు సగం తీగ ఏమైనట్టు?

"అత్తా, ఈ తీగ ఎప్పుడన్నా తెగిందా?"

"తెగకేంది? కాలినకాడ తుంపి పారేసి, ఉన్నదాన్నే జర గుంజి ముడేస్త. నాలుగైదు సార్లయింది. గట్ల ముడేసినప్పుడల్ల ఇంకింత మంచిగ మండుతది బిడ్డా" అంది, కొంచెం గర్వంగానే.

నెలనెలకూ పెరిగిన బాణామతి అదే. తుంపినప్పుడల్లా తీగ పొట్టిదై, నిరోధం తగ్గి, కరెంటు ఎక్కువ లాగుతోంది. వాడకట్టు చివరిదాకా అతుకులతో ఈడ్చుకొచ్చిన ఆ లైను అంత మోయలేక బల్బులు ఎర్రబడుతున్నాయి. కిటికీ వైపు లేచాను. అత్త నా చొక్కా పట్టుకుంది.

"చెప్పకు బిడ్డా. దొంగనంటరు."

ఆమె మంత్రగత్తె కాదని తేల్చే అంకెలే ఆమెను దొంగగా పట్టిస్తున్నాయి. ఇన్నేళ్లూ నిజం చెబితే చాలని ఊరూరా అరిచినవాణ్ని, లేచినవాణ్ని లేచినట్టే మళ్లీ పొయ్యి పక్కన కూర్చున్నాను. బయటి గొలుసునైనా ఎవరో ఒకరు తీస్తారు. ఈ చిక్కును విప్పేవాళ్లెవరు? చివరికి ఆమే నా చొక్కా వదిలింది. "దొంగనంటే తిట్టి మల్ల మాట్లాడతరు. గా బాణామతి మాట సచ్చినంక గూడ పోదు. చెప్పు."

కిటికీలోంచి కేకేసి గొలుసు తీయించి, ఎదురింటావిడను లోపలికి పిలిపించాను. అత్త మీట నొక్కింది, తీసింది, మళ్లీ నొక్కింది. వాకిట్లో బల్బు ఎర్రబడింది, తేరుకుంది, మళ్లీ ఎర్రబడింది. ఎదురింటావిడ పొయ్యిలోని ముడులు చూసి, "ఓ యవ్వ! నేను గూడ గిట్లనే ముడేస్త గద!" అని నాలుక కరుచుకుంది. బయట నవ్వులు లేచాయి. గొలుసు మళ్లీ పడలేదు.

మర్నాడు మంత్రగాడు రాలేదు, కబురు తెలిసి లైన్‌మన్ వచ్చాడు. తెల్లారేసరికే వాడకట్టులో ఎవరి కొండీ వాళ్లు తీసేసుకుని అన్నీ మాయమయ్యాయి, అత్తది తప్ప. ఆమెకు చెయ్యి అందదు. నాకేమో, గెలిచిన మత్తులో దాన్ని తీసేయాలని తట్టనే లేదు. తీగ కత్తిరించి పొయ్యి పట్టుకుపోయారు. "పండ్లయితే దక్కినయ్ బిడ్డా, ఇగ నమలనీకె వండుడెట్ల?" అని అత్త నవ్వింది. తర్వాత నేను కొనిచ్చిన గ్యాసు పొయ్యికి భయపడి దగ్గరికే పోలేదు. చివరిదాకా వంగని మోకాళ్లతో కట్టెల పొయ్యే ఊదుకుంది.

ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. లైన్‌మన్ వచ్చిన పొద్దు గురించి మాత్రం ఎక్కడా చెప్పలేదు. కాలిన చోట తుంపేసి, మిగిలినదాన్ని గుంజి ముడేస్తూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఏడాదికేడాది ఆ జ్ఞాపకం పొట్టిదవుతోంది, ముందుకంటే ఎక్కువగా కాలుతోంది.