పెనుకొండ మంచులో పెండ్లికొడుకు

ఆ రోజుల్లో యూనిఫాం తొడుక్కుంటే చాలు, ఆకాశం నా మాట వింటుందనుకునేవాణ్ణి. అద్దె హెలికాప్టర్లో కో-పైలట్‌గా చేరి రెండు నెలలైంది. హిందూపురంలో ఒక పెండ్లికొడుకును, అతని మేనమామను ఎక్కించుకుని ధర్మవరంలో పెండ్లికి దించాలి. తెల్లారినా మంచు విడవలేదు. మా కెప్టెన్ (మీసాల సారు అనేవాళ్లం) గంటసేపు ఆగుదామన్నాడు. "నాది ఈ పక్క ఊరే సార్, ఈ మంచు పెనుకొండ దాకా ఉండదు" అన్నాను నేను. ఎవరడిగారు నన్ను? మేనమామ వెంటనే అందుకున్నాడు. "ముహూర్తం దాటిపోతాంది సార్. మీ పిల్లోడే చెప్తాండాడు కదా!" సారు ఇద్దరినీ విసుగ్గా చూసి, "సరే, దారి కనబడకపోతే వెనక్కి వచ్చేద్దాం" అని కంట్రోల్స్ నా చేతికిచ్చాడు.

పెనుకొండ దగ్గరయ్యేసరికి రోడ్డు పోయింది, కొండ పోయింది, అద్దాల బయట తెల్లటి గోడ ఒకటే మిగిలింది. "ఏమప్పా, ఎడమకు తిప్పు! కొండ కుడిపక్కనే ఉండాది!" అని వెనకనుంచి మేనమామ, ఆటోవాడికి చెప్పినట్టు. (ఆయన చెప్పిందే నిజమని తర్వాత తెలిసి ఇంకా ఒళ్లు మండింది.) మేం తిన్నగానే పోతున్నామని నా ఒళ్లు ఒట్టేసి చెబుతోంది. ఎదురుగా ఉన్న మీటరేమో కుడికి వాలిపోతున్నామంటోంది. నేను ఒంటినే నమ్మి, మోకాళ్ల మధ్య ఉండే, హెలికాప్టర్ను తిప్పే కర్రను రెండు చేతులా గొంతు పిసికినట్టు పట్టుకున్నాను.

"మీటర్ చూడు! ఒంటి మాట వినకు! వదులు, నేను తీసుకున్నా!"

సారు మీటర్ల మీదినుంచి చూపు తిప్పకుండా, కర్రను వేళ్లతోనే మెల్లగా కదిలించి సమం చేశాడు. పైకి లేపి, వెనక్కి తిప్పి, తెరిపి దొరికినచోట ఒక బీడులో దించాడు.

రెక్కలు ఆగాయో లేదో, ఒక అవ్వ కట్టె పట్టుకుని వచ్చింది. "దిగేదానికి ఈడే దొరికిందా మీకు? నా గొర్రెలన్నీ బెదిరి యాడికో పోయినాయి. ముందు పట్టియ్యండబ్బా!"

పెండ్లికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి ముందుగా పరుగెత్తాడు. వెనక నేను, నా వెనక "ముహూర్తం, ముహూర్తం" అంటూ మేనమామ. చివరికి కారు పిలిపించుకుని, పంచెనిండా పల్లేరుకాయలతో ధర్మవరం చేరి, గడియ మిగిలుండగా తాళి కట్టాడట.

నన్ను తిడతాడనుకున్న సారు ఒకటే అన్నాడు. "వెనక కూర్చున్న మేనమామకు మీటర్ కనబడదు బాబూ. నీకు కనబడింది."

తిట్టినా బాగుండేది. ఇప్పుడు మబ్బు కాస్త కిందికి దిగితే నేను ఎగరను. "మీకు భయమెక్కువ సార్" అని కుర్ర పైలట్లు నవ్వుకుంటారు. అవునంటాను. అంత భయం సంపాదించడానికి గొర్రెల వెనక నేనెంత తిరగాల్సి వచ్చిందో వాళ్లకేం తెలుసు, పాపం.