ఆరని పూత

నా చిన్నప్పుడు మా తాతయ్య ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు రంగులు వేసి, పేర్లు రాసేవాడు. ఆయన చిన్నకొడుకు, అంటే మా చిన్నాన్న, ఇరవై ఏళ్లకే సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఇంట్లో ఒక్క ఫోటో అయినా లేదు. రెండేళ్లు గడిచేసరికి నాయనమ్మకు కొడుకు ముఖం సరిగ్గా గుర్తురావడం మానేసింది. ఆవిడ ఏడుపంతా అదే.

ఒక తెల్లవారుజామున చిన్నాన్న తాతయ్యకు కలలో కనిపించాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడట. వెలుగు ఆకాశం నుంచి కాక నీళ్ల అడుగు నుంచి వస్తోందట. తాతయ్య లేచి, ముఖమైనా కడుక్కోకుండా బొగ్గుముక్కతో గోడమీద ఆ ముఖం గీశాడు. తుడిచి మళ్లీ గీశాడు. నెల రోజులు పొద్దున్నే అదే పని. రంగు డబ్బా మూత మాత్రం తీయలేదు. నాయనమ్మ తొందరపెడితే ఒకటే మాట.

“కల దేవుడిత్తాడు. సెయ్యి మనవే తయారు సేసుకోవాల.”

చివరికి ఓ చెక్క పలకమీద సముద్రం వేయడం మొదలుపెట్టాడు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకొకటి. అసలే ముసురు రోజులు, ఆ ఉప్పుగాలికి ఎనామిల్ రంగు ఓ పట్టాన ఆరేది కాదు. రోజూ పలక మూల వేలు నొక్కి చూసి చెప్పడం నా పని. తొమ్మిదేళ్లదాన్ని, ఆ పెత్తనానికి తెగ మురిసిపోయేదాన్ని.

నీళ్లకు చివరి పూత వేసిన మర్నాడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. “మీ సిన్నాన్న ఇయ్యాలైనా వత్తాడేటే?” అంది. నేను వెళ్లి వేలు నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది. ఆరిందా అని తాతయ్య అడిగాడు. “ఆరిపోనాది తాతా” అనేశాను.

ఆయన మళ్లీ చూసుకోలేదు. ఒక్క పూటలో ముఖం వేసేశాడు. అచ్చం చిన్నాన్నే. నాయనమ్మ పలక ముందు కూలబడిపోయింది. మధ్యాహ్నానికి, అడుగున ఆరని పూత వల్ల, పైరంగు ముడతలు పడసాగింది. ముందు నుదురు, తర్వాత బుగ్గలు, కళ్ల కింద. సాయంత్రానికి ఇరవై ఏళ్ల కుర్రాడు మా ఎదుటే ముసలివాడైపోయాడు. ఆ ముడతల్లోంచి నన్నే చూస్తున్నట్టనిపించింది.

తాతయ్య కత్తి తీస్తే నాయనమ్మ అడ్డం పడింది. “ఉండనీయ్. ఎలగున్నా నా బిడ్డే” అంది. తాతయ్య వినలేదు. కత్తితో ఆ ముఖం గీకేస్తుంటే ఆయన కళ్లు కారిపోతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం వణకలేదు. ఆ కల ఆయనకు మళ్లీ రాలేదు.

నన్ను తిట్టలేదు, ఎందుకలా చెప్పావనీ అడగలేదు. మర్నాడు నీళ్లకు కొత్త పూత వేసి, ఆ తర్వాతి రోజు నన్నే పిలిచాడు. నా వేలు పట్టుకుని పలక మూలకు ఆనించి “సెప్పమ్మా” అన్నాడు. ఏడుస్తూ ఆరలేదన్నాను. పదకొండు రోజులు అదే చెప్పాను, పదకొండు రోజులూ ఆయన ఆగాడు. పన్నెండో రోజు ఆరిందన్నాను. అప్పుడు ముఖం వేశాడు. నెల రోజులు గోడమీద గీసిన చేతికి కలతో పని లేకపోయింది. నాయనమ్మ పోయేదాకా ఆ పలకతోనే మాట్లాడుకుంది.

నాకిప్పుడు అరవై దాటాయి. ఏ పనైనా అయిపోయిందని చెప్పబోతే ఈనాటికీ నోరు ఒక్క క్షణం ఆగిపోతుంది. మా ఇంట్లో చిన్నాన్న పోలిక నాకే వచ్చిందనేవారు. అద్దంలో చూసుకుంటే తాతయ్య గీకేసిన ఆ ముడతల ముఖమే కనిపిస్తుంది. చిన్నాన్నకు నేను తెచ్చిపెట్టిన ముసలితనం అది, ఆయన బదులు నేను మోస్తున్నాను.