ప్లాస్టర్ బొమ్మకు తల్లి

మా ఉక్కు మ్యూజియంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అటెండరు ఒకాయన ఉండేవాడు. పొద్దున్నే కొలిమి నమూనా పక్కన నిలబెట్టిన కార్మికుడి ప్లాస్టర్ బొమ్మకు ముఖం తుడిచేవాడు. మిగతావాటికి ఆఫీసు గుడ్డ వాడేవాడు, దానికి మాత్రం తన తువ్వాలే.

"ఏటి, మీ చుట్టానికి తానం అయ్యిందేటి?" అని మ్యూజియం బొమ్మలకు రంగులేసేవాళ్ళు ఏడిపించేవారు.

ఆ అలవాటు నా వల్లే వచ్చింది. కోతలు కోయకపోతే నాకు టీ దిగదు. కొలిమి దగ్గర చనిపోయిన ఓ కుర్రాడి పోలికలతో ఆ బొమ్మ చేశారనీ, వాడి ముసలితల్లి ఇక్కడికి దగ్గర్లోని ఉతై అనే ఊళ్ళో ఒంటరిగా ఉందనీ ఒకసారి చెప్పాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

దసరా రద్దీకి ముందు ఆయనకు ఏడాదికోసారి దొరికే నాలుగు రోజుల సెలవొచ్చింది. తిరిగొచ్చాక, "పిల్లలు కులాసాయేనా?" అని అడిగాను.

"ఇంటికెల్లనేదు బాబూ. ఆ ముసలమ్మకి కోక ఒట్టుకెల్లినాను, మాయావిడకి కొన్నదే. ఉతై సుట్టూ నాలుగు రోజులూ తిరిగినాను. కనపడ్నేదు. ఊరు సరిగ్గానే సెప్పినారా?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. రంగులేసేవాళ్ళు కుంచెలు ఆపి నా వైపే చూస్తున్నారు.

"ఉతై కాదేమో. దాని పక్కనున్న మరోదా అనే ఊరు అనుకుంటాను," అన్నాను.

"అలగైతే ఆదివారాలు ఎల్తాను బాబూ," అని ఆయన నాకు దండం పెట్టాడు.